ఉద్యోగం వదిలేటప్పుడు రాసే వీడ్కోలు లేఖ

ఉద్యోగం మానేసేవారు రెండు ఉత్తరాలు రాయాల్సి ఉంటుంది. మొదటిది రాజీనామా. అది సంస్థకు రాసేది. తేదీ, హోదా, నోటీస్ పీరియడ్ వివరం ఉంటే చాలు, ఫైల్లోకి వెళ్లిపోతుంది. రెండోది వీడ్కోలు లేఖ. అది మనుషులకు రాసేది: పక్క కుర్చీలో కూర్చున్నవారికి, పని నేర్పినవారికి, మధ్యాహ్నం క్యారియర్ విప్పి కూర పంచినవారికి. రాజీనామా ఇవ్వకపోతే రిలీవింగ్ లెటర్ చేతికి రాదు. వీడ్కోలు లేఖ రాయకపోతే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అందుకే చాలామంది దాన్ని ఆఖరి గంట దాకా వాయిదా వేసి, ల్యాప్‌టాప్ అప్పగించే హడావుడిలో నాలుగు ముక్కలు రాసి పంపేస్తారు.

ఏళ్ల తరబడి సాగిన సావాసానికి ఆ నాలుగు ముక్కలు సరిపోతాయా? సరైన ముక్కలైతే తప్పకుండా సరిపోతాయి. మంచి వీడ్కోలు లేఖకు పొడవు అక్కర్లేదు, పెద్ద పెద్ద మాటలు అంతకన్నా అక్కర్లేదు. ఎవరు ఏ మేలు చేశారో గుర్తు తెచ్చుకుని, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పగలిగితే ఉత్తరం దానంతట అదే మనసుకు తగులుతుంది. భాష మీద పట్టు లేదని వెనకాడేవారికి కూడా ఇది చేతనయ్యే పనే.

రాయడానికి ముందు తేల్చుకోవాల్సిన మూడు సంగతులు

ఎవరికి? ఒకే ఉత్తరంతో అందరినీ సరిపెట్టాలని చూస్తే అది ఎవరికీ చెందకుండా పోతుంది. మూడు అంచెలుగా రాసుకోవడం మేలు. టీమ్ మొత్తానికి ఒక చిన్న మెయిల్. మేనేజర్‌కో, హెడ్మాస్టరుకో విడిగా ఒకటి. బాగా దగ్గరైన ఇద్దరు ముగ్గురికి ఎవరిది వారికి ఒక ఉత్తరం, వీలైతే చేత్తో రాసింది. ముఖం కూడా తెలియని వందల మంది ఉండే గ్రూప్ మెయిల్‌కు మాత్రం పంపకపోవడమే మర్యాద.

ఎప్పుడు? ఐటీ కంపెనీల్లో ఆఖరి పనిదినాన ఆఫీసు మెయిల్, సిస్టమ్ యాక్సెస్ ఆగిపోతాయి. సాయంత్రం తీరిగ్గా రాద్దామనుకున్న ఉత్తరం డ్రాఫ్ట్స్‌లోనే ఉండిపోవచ్చు. ముందు రోజు సాయంత్రమో, ఆఖరి రోజు ఉదయమో పంపేస్తే జవాబులు చదువుకోవడానికి, వచ్చి పలకరించేవారితో మాట్లాడటానికి సమయం మిగులుతుంది. పంపేముందు మేనేజర్ ఈ విషయం టీమ్‌కు చెప్పారో లేదో కనుక్కోవాలి. కబురు ఆయన నోటి నుంచి రావాల్సి ఉన్నప్పుడు ఉత్తరం ముందుగా వెళ్లకూడదు.

ప్రభుత్వ ఉద్యోగుల సంగతి వేరు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లు, తెలంగాణలో 61. ఏ నెలాఖరున కుర్చీ ఖాళీ చేయాలో వారికి చాలా ముందుగానే తెలుసు. తీరిగ్గా రాసుకోవడానికి ఇంతకన్నా అనువు ఏముంటుంది? ఇలా ముందే రాసి పెట్టుకోవడం కొత్తేమీ కాదు. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1792లోనే పదవి వదలాలనుకుని, జేమ్స్ మాడిసన్ సాయంతో వీడ్కోలు ప్రకటన చిత్తుప్రతి తయారు చేయించుకున్నారు. రెండోసారి పదవిలో కొనసాగాల్సి రావడంతో దాన్ని పక్కన పెట్టారు. 1796లో అలెగ్జాండర్ హామిల్టన్‌తో కలిసి మళ్లీ దిద్దించి, ఆ సెప్టెంబరు 19న పత్రికలో అచ్చు వేయించారు. ఆఫీసు ఉత్తరానికి నాలుగేళ్లు అక్కర్లేదు కానీ, నోటీస్ పీరియడ్‌లో ఒక వారం ముందే చిత్తుప్రతి మొదలుపెడితే ఆఖరి రోజు తడబాటు ఉండదు.

ఏ భాషలో? టీమ్‌లో తమిళులు, ఒడియా వారు, ఉత్తరాది వారు ఉంటే అందరికీ వెళ్లే మెయిల్ ఇంగ్లీషులో ఉండటమే న్యాయం. తెలుగువారికి విడిగా రాసేది తెలుగులో రాస్తే ఆ దగ్గరితనమే వేరు. పిలుపు కూడా రోజూ నోటితో పిలిచేదే ఉండాలి. నిత్యం "అన్నా" అని పిలిచిన మనిషిని ఉత్తరంలో "గౌరవనీయులైన సహోద్యోగి గారికి" అని సంబోధిస్తే, ఆయనకు అది ఇంకెవరికో రాసినట్టు అనిపిస్తుంది. "సర్" అన్నవారిని "సర్" అనే, "అక్కా" అన్నవారిని "అక్కా" అనే పిలవాలి.

ఉత్తరం రాసే క్రమం

1. పేర్ల పట్టీ వేసుకోవాలి. చేరిన మొదటి రోజు నుంచి గుర్తు చేసుకుంటూ ఒక కాగితం మీద పేర్లు రాయాలి. టీమ్ లీడ్, పక్క సీటువారు సరే, గేటు దగ్గర పేరు పెట్టి పలకరించిన సెక్యూరిటీ గార్డు, టీ అందించిన ఆఫీస్ బాయ్, రాత్రి షిఫ్టులో ఇంటి గుమ్మం దాకా దింపిన క్యాబ్ డ్రైవర్, బడిలో అయితే మధ్యాహ్న భోజనం వండే అమ్మ, అటెండరు కూడా ఆ పట్టీలో ఉండాలి. వీరిలో చాలామందికి ఆఫీసు మెయిల్ ఉండదు. మెయిల్ చేరని చోటికి కాళ్లతో వెళ్లాలి. ఎదురుగా నిలబడి చెప్పే రెండు మాటలు కూడా వీడ్కోలు లేఖలో భాగమే.

2. ప్రతి పేరు పక్కన ఒక సంఘటన రాయాలి. "మంచివారు", "సహాయపడే గుణం" వంటి మాటలు ఇక్కడ పనికిరావు. ఆ మనిషి ఏ రోజు ఏం చేశారు? పిల్లాడికి జ్వరమని సెలవు పెట్టిన రోజు ఎవరు ఆ షిఫ్టు చూసుకున్నారు? మొదటి ప్రెజెంటేషన్‌కు ముందు ఎవరు ఖాళీ మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి రెండుసార్లు చెప్పించారు? ఎంత ఆలోచించినా ఏమీ గుర్తు రాని పేరు ఉంటే ఆ పేరును టీమ్ మెయిల్‌కు వదిలేయవచ్చు. తెచ్చిపెట్టుకున్న పొగడ్త కన్నా అదే నిజాయితీ.

3. మొదటి వాక్యంలోనే కబురు చెప్పాలి. ఏ తేదీన వెళ్తున్నదీ, ఎన్నేళ్ల తర్వాత వెళ్తున్నదీ ముందే ఉండాలి. "కాలచక్రం ఎవరి కోసమూ ఆగదు" అని ఎత్తుకుంటే చదివేవారు అసలు విషయం కోసం వెతుక్కోవాలి.

4. మధ్యలో రెండు మూడు సంఘటనలకు మించి పెట్టకూడదు. పట్టీలో ఇరవై ఉన్నా టీమ్ మెయిల్‌లోకి అందరికీ తెలిసిన రెండో మూడో ఎంచుకోవాలి. మిగతావి విడి ఉత్తరాల్లోకి వెళ్తాయి. ఆ ఎంపిక ఎంత ముఖ్యమో టెన్నిస్ ఆటగాడు రోజర్ ఫెదరర్ 2022 సెప్టెంబరు 15న ప్రకటించిన రిటైర్మెంట్ లేఖ చూస్తే తెలుస్తుంది. 24 ఏళ్లలో 1500కు పైగా మ్యాచ్‌లు ఆడిన మనిషికి చెప్పుకోవడానికి గెలుపులు బోలెడున్నాయి. భార్యకు కృతజ్ఞత చెప్పే చోట మాత్రం, ఎనిమిది నెలలు దాటిన గర్భంతో కూడా ఆమె గ్యాలరీలో కూర్చుని మ్యాచ్‌లు చూసిన సంగతి రాశారు. ప్రేమ, త్యాగం అన్న మాటలు వాడకుండానే రెండూ అందులో కనిపిస్తాయి.

5. నేర్చుకున్నది ఒకటి చెప్పాలి. "చాలా నేర్చుకున్నాను" అంటే పెద్దగా ఏమీ చెప్పినట్టు కాదు. "కస్టమర్ కోపంగా ఉన్నప్పుడు ముందు పూర్తిగా వినాలని మీ పక్కన కూర్చుని నేర్చుకున్నాను" అంటే నేర్పిన మనిషికి తన పని విలువ తెలుస్తుంది. చాలామంది పెద్దలకు తాము ఏం నేర్పారో ఎవరో ఒకరు చెప్పే దాకా తెలియదు.

6. అప్పగించిన పని గురించి ఒక్క వాక్యం రాయాలి. కేటీ (పని వివరాల అప్పగింత) పూర్తయిందా, నోట్స్ ఎవరి దగ్గర ఉన్నాయి, బీరువా తాళం ఎవరికి ఇచ్చారు? ఈ ఒక్క వాక్యం వెనక ఉండిపోయేవారికి ధీమా ఇస్తుంది. పీఎఫ్, గ్రాట్యుటీ, ఆఖరి నెల జీతం వంటివి హెచ్‌ఆర్‌తో విడిగా మాట్లాడుకోవాల్సినవి. వాటి ప్రస్తావన ఇందులో రాకూడదు.

7. సొంత ఫోన్ నంబరు, సొంత మెయిల్ ఇవ్వాలి. ఆఫీసు మెయిల్ మర్నాటి నుంచి పనిచేయదు. ఈ చిన్న వివరం మరిచిపోవడం వల్ల ఎన్నో స్నేహాలు అక్కడితో తెగిపోతాయి.

8. ఒకసారి పైకి చదవాలి. నోటితో అనడానికి ఇబ్బందిగా ఉన్న వాక్యం కాగితం మీదా ఇబ్బందిగానే ఉంటుంది. దాన్ని తీసేసి, ఆ మనిషి ఎదురుగా ఉంటే ఏమనేవారో అది రాయాలి.

పేరు మార్చి చూసే పరీక్ష

రాసిన వాక్యంలో జీవం ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. ఆ వాక్యంలోని పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టి చూడాలి. అప్పుడు కూడా వాక్యం చక్కగా అతికితే, అది ఎవరికీ రాయనట్టే.

"మీ సహకారం మరువలేనిది" అన్న వాక్యం ఏ ఊళ్లో ఏ ఆఫీసులో ఎవరు ఎవరికి రాసినా సరిపోతుంది. "మార్చి నెలాఖరు లెక్కలు తేలక నేను తల పట్టుకున్న రోజు, మీ పని ముగించుకుని కూడా ఇంటికి వెళ్లకుండా నా ఓచర్లు ఒక్కొక్కటీ టిక్ పెట్టారు" అన్న వాక్యం ఒక్కరికే సరిపోతుంది. చదివిన మనిషికి ఆ సాయంత్రం మళ్లీ కళ్ల ముందుకు వస్తుంది. రెండోది రాయడానికి పాండిత్యం కావాలా? జ్ఞాపకం ఉంటే చాలు.

ఒక నమూనా

హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్లు పనిచేసిన ఇంజనీరు టీమ్‌కు రాసే ఉత్తరం ఇలా ఉండవచ్చు. అసలు ఉత్తరంలో వరసలకు తోడుగా పేర్లూ ఉంటాయి.

"అందరికీ నమస్కారం. ఆరేళ్ల తర్వాత, ఈ శుక్రవారం ఈ ఆఫీసులో నా ఆఖరి రోజు.

నా మొదటి రిలీజ్ రోజున ఎవరిని అడగాలో తెలియక రాత్రి పదకొండింటికి ఒక్కణ్ణే కూర్చున్నాను. డేటాబేస్ టీమ్‌లోని అన్న ఇంటికి బయల్దేరినవారు బ్యాగు మళ్లీ టేబుల్ మీద పెట్టి నా పక్కన కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఈ ఆఫీసు నాకు కొత్తగా అనిపించలేదు.

టెస్టింగ్ టీమ్ అక్కలు నా కోడ్‌లో బగ్ దొరికిన ప్రతిసారీ ముందు ఫోన్ చేసి చెప్పి, ఆ తర్వాతే టికెట్ రాసేవారు. ఆ మర్యాద నేను వెళ్లిన చోట కూడా పాటిస్తాను.

బిల్లింగ్ మాడ్యూల్ కేటీ పూర్తయింది, నోట్స్ షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్నాయి. నా సొంత నంబరు, మెయిల్ కింద ఇస్తున్నాను. నాలుగింటి టీకి ఎప్పుడు పిలిచినా వస్తాను. ఉంటాను."

ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. రెండు సంఘటనలు, ఒక మాట ఇవ్వడం, ఒక అప్పగింత, ఒక చిరునామా. చదవడానికి నిమిషం పట్టదు. ఆపిల్ సీఈవోగా స్టీవ్ జాబ్స్ 2011 ఆగస్టు 24న రాసిన రాజీనామా కూడా ఇంతే క్లుప్తం. దాన్ని బోర్డుతో పాటు ఆపిల్ కమ్యూనిటీ మొత్తాన్నీ ఉద్దేశించి రాశారు. ఇక బాధ్యతలు నెరవేర్చలేని రోజు వచ్చిందన్నారు, తన తర్వాత టిమ్ కుక్‌ను నియమించమన్నారు, జీవితంలో అత్యంత మంచి మిత్రుల్లో కొందరు అక్కడే దొరికారని చెప్పి ముగించారు. తాను పెట్టిన సంస్థ పగ్గాలు వదిలేటప్పుడే ఆ కాసిన్ని మాటలు చాలినప్పుడు, మామూలు ఆఫీసు ఉత్తరం పేజీలు దాటాల్సిన పని లేదు.

మూడు సందర్భాలు

పదవీ విరమణ చేసే మాస్టారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వీడ్కోలు సభ అంటే పూలదండలు, శాలువాలు, సన్మాన పత్రం, వరసగా ప్రసంగాలు. మాస్టారి వంతు వచ్చేసరికి గొంతు పూడుకుపోతుంది, అనుకున్నవి సగం లోపలే ఉండిపోతాయి. అందుకే ముందే రాసిన ఉత్తరం కావాలి. స్టాఫ్ రూమ్‌కు ఒకటి, పదో తరగతి పిల్లలకు ఒకటి. అన్నిటికన్నా విలువైనది, తన స్థానంలో రాబోయే టీచరుకు రాసే మూడోది. "బి సెక్షన్ వెనక బెంచీ పిల్లలకు లెక్క అర్థం కాకపోయినా లేచి అడగరు. మీరే వాళ్ల దగ్గరకు వెళ్లి నోటుబుక్ చూడండి" అన్న రెండు వాక్యాలు ఏ రికార్డులోనూ ఉండవు. ముప్పయ్యేళ్లు ఆ గదిలో నిలబడిన మనిషే అవి చెప్పగలరు.

విదేశానికి వెళ్తున్న నర్సు. ఆస్పత్రి వార్డులో అందరూ ఒకే షిఫ్టులో ఉండరు, మెయిల్ చూసే తీరికా ఉండదు. ఇక్కడ వాట్సాప్ గ్రూపులో ఆరేడు వాక్యాల సందేశమే ఉత్తరం. నైట్ డ్యూటీలో తోడున్న సిస్టర్లకు, ఆయమ్మకు మాత్రం ఒక్కొక్కరికి చిన్న కాగితం రాసి చేతికి ఇస్తే మేలు. గ్రూపులో పెట్టిన సందేశం మర్నాటికి వంద మెసేజ్‌ల కిందికి వెళ్తుంది, చేతికిచ్చిన కాగితం పర్సులో ఉంటుంది.

లేఆఫ్‌లో ఉద్యోగం పోయినవారు. ఉన్నట్టుండి పిలిచి చెప్పి, అదే రోజు యాక్సెస్ తీసేసిన చోట ఉత్తరం రాయాలన్న ఆలోచనే భారంగా ఉంటుంది. వెంటనే రాయనక్కర్లేదు. కోపం, అవమానం ఉన్నప్పుడు ఒక తెల్లకాగితం మీద ఉన్నదంతా రాసేసి తన దగ్గరే ఉంచుకోవచ్చు. అది ఆఫీసు మెయిల్‌లో గానీ ఫోన్‌లో గానీ రాయకూడదు, పొరపాటున ఒక్క వేలు తగిలితే వెళ్లిపోతుంది. వారం పది రోజుల తర్వాత, దగ్గరివారికి సొంత మెయిల్ నుంచి రాయాలి. ఇందులో మరో మేలు ఉంది. ఉద్యోగం నిలిచినవారు కూడా ఏం మాట్లాడితే ఏం తప్పో తెలియక ఫోన్ చేయడానికి జంకుతుంటారు. ముందుగా వెళ్లే ఉత్తరం ఆ జంకు పోగొడుతుంది. బకాయిల మీద, అన్యాయం మీద చెప్పాల్సినవి హెచ్‌ఆర్‌కో లాయరుకో చెప్పాలి. పక్క సీటు స్నేహితుడు వాటిని తీర్చలేడు.

తరచుగా జరిగే పొరపాట్లు

1. దొరికిన నమూనాను ఉన్నదున్నట్టు దించేయడం. ఏడాదిలో ఆరుగురు వెళ్లిన ఆఫీసులో ఆ వాక్యాలు అందరికీ కంఠస్థం అయి ఉంటాయి. నమూనా నుంచి వరస మాత్రమే తీసుకోవాలి, మాటలు సొంతవి ఉండాలి.

2. కొత్త కంపెనీ గురించి, పెరిగిన జీతం గురించి చెప్పడం. ఉండిపోయేవారిలో ప్రయత్నిస్తూ దొరకనివారు ఉంటారు. ఎక్కడికి వెళ్తున్నదీ అడిగినవారికి నోటితో చెప్పవచ్చు.

3. ఫిర్యాదులు దూర్చడం. "కొన్ని చేదు అనుభవాలు ఎదురైనా" అన్న చిన్న ముక్క చాలు, అందరూ ఆ చేదు ఎవరి వల్లా అని ఆరా తీస్తారు, మిగతా కృతజ్ఞత ఎవరికీ గుర్తుండదు.

4. సాధించినవి ఏకరువు పెట్టడం. ప్రాజెక్టులు, అవార్డులు రెజ్యూమెలో ఉంటాయి. ఈ ఉత్తరంలో గెలుపు వస్తే, అందులో చేయి వేసినవారి పేరుతోనే రావాలి.

5. అందరి పేర్లూ రాయబోయి ఒకరిని మరిచిపోవడం. ముప్పై పేర్లలో తన పేరు లేదని బాధపడే ముప్పై ఒకటో మనిషి ఎప్పుడూ ఉంటారు. టీమ్ మెయిల్‌లో "అకౌంట్స్ సెక్షన్ వారందరికీ" అని కలిపి చెప్పి, పేర్లు విడి ఉత్తరాలకు దాచుకోవడం మంచిది.

6. గంపగుత్త క్షమాపణ. "నా వల్ల ఎవరికైనా బాధ కలిగి ఉంటే మన్నించండి" అన్నది ఎవరినీ ఉద్దేశించదు. నిజంగా ఒకరిని నొప్పించి ఉంటే, ఆ ఒక్కరి దగ్గరకు వెళ్లి ఫలానా రోజు అన్న మాట తప్పని చెప్పాలి.

7. సంస్థ లోపలి విషయాలు రాయడం. క్లయింట్ పేర్లు, ప్రాజెక్టు అంకెలు ఉన్న ఉత్తరాన్ని లింక్డ్‌ఇన్‌లో పెట్టడం ఉద్యోగ ఒప్పందానికి విరుద్ధం కావచ్చు. బయట పెట్టే ప్రతిలో మనుషులూ మంచితనమూ ఉంటే చాలు.

పంపేముందు, పంపిన తర్వాత

పంపేముందు నాలుగు చూసుకోవాలి. పేర్ల అక్షరాలు సరిగ్గా ఉన్నాయా? చిరునామా పెట్టెలో ఉండాల్సినవారే ఉన్నారా? సొంత నంబరులో అంకె తప్పిపోలేదు కదా? ఉత్తరంలో ఒక్క సంఘటనైనా, పేరు మార్చితే అతకనిది, ఉందా? ఈ నాలుగింటికీ జవాబు బాగుంటే ఇక దిద్దుతూ కూర్చోకుండా పంపేయాలి. కాస్త తడబడినా సమయానికి అందిన ఉత్తరమే మంచి ఉత్తరం.

పంపాక జవాబులు వస్తాయి. కొందరు పొడిగా "ఆల్ ది బెస్ట్" అంటారు, ఎన్నడూ పెద్దగా మాట్లాడని ఒకరు పేజీడు రాస్తారు. యాక్సెస్ ఉండగానే ఒక్కొక్కరికి ఒక వాక్యమైనా తిరిగి రాయాలి. ఎవరైనా జవాబు ఇవ్వకపోతే పట్టించుకోనక్కర్లేదు, ఆ రోజు వారి పనులు వారికి ఉంటాయి. కలుస్తూ ఉందామని ఉత్తరంలో మాట ఇచ్చినవారు కొత్త చోట కుదురుకున్నాక, నెల తిరిగేలోగా, పాత పట్టీలోంచి ఒకరికైనా ఫోన్ చేయాలి. అప్పుడే ఆ ఉత్తరంలోని మాట నిలబడుతుంది.